రోహింగ్యా పిల్లలు తమ మీద జరిగిన ఊచకోతని తామే నాటకం వేస్తే... ఇది మంచిదేనంటారా?

వాటర్లూ_వాసి

నేనుండేది కెనడా, ఒంటారియో రాష్ట్రంలో వాటర్లూ. ఇక్కడా, ఆనుకునే ఉన్న కిచెనర్‌లోనూ రోహింగ్యా కుటుంబాలు (బర్మా, అంటే మయన్మార్ నుంచి తరిమేస్తే వచ్చిన ముస్లింలు) చాలానే ఉన్నాయి. కెనడా మొత్తంలో వాళ్లు ఎక్కువగా ఉన్నది ఈ జంట ఊళ్లలోనే. నాకు ఈ సంగతి మొన్నటిదాకా తెలియదు. ఫ్రెండ్ బలవంతపెడితే 'ఐ యామ్ రోహింగ్యా: ఎ జెనోసైడ్ ఇన్ ఫోర్ యాక్ట్స్' అని 2018లో వచ్చిన డాక్యుమెంటరీ చూశాను. ఈ ఊళ్లో పెరుగుతున్న 14 మంది రోహింగ్యా కుర్రాళ్లు, అమ్మాయిలు. ఎవరూ అంతకు ముందు స్టేజీ ఎక్కలేదు. తమ ఇళ్లలో జరిగినదాన్నే నాటకంగా కట్టుకుని జనం ముందు ఆడతారు. దర్శకుడు ఇక్కడి యూనివర్సిటీలో చదువుకున్న కుర్రాడే. నాటకం తయారవడమే సినిమా.

సినిమా బాగుంది, అందులో పేచీ లేదు. నా బాధ వేరే. అమ్మానాన్నలు తిన్న దెబ్బల్ని పిల్లల చేత రిహార్సల్‌లో పదే పదే చేయించడం న్యాయమా? మనం చూసి కళ్లు తుడుచుకుని, చప్పట్లు కొట్టి, కారెక్కి ఇంటికొచ్చేస్తాం. వాళ్లకి ఆ రాత్రి నిద్ర పడుతుందా? మీలో నాటకాలు ఆడినవాళ్లున్నారు కదా, చెప్పండి.

సందేహాల_రావు

నిద్ర సంగతి తర్వాత. అసలు ఫలితం ఏంటి? ఆ నాటకం వేసింది 2017 ఆగస్టుకి ముందే కదా. అంటే వాళ్లు గొంతు చించుకుని చెప్పాకే అసలు ఊచకోత జరిగింది. ఎవరు విన్నట్టు?

సినిమా_పిచ్చోడు

రావుగారు ఎంటర్ అయ్యారు. ఇక పది పేజీలు గ్యారంటీ.

పరిషత్తు_ప్రసాద్

పాతికేళ్లుగా పరిషత్తు నాటకాలు ఆడుతున్నవాణ్ణి కాబట్టి రెండు ముక్కలు చెప్తా. ఏడుపు సీను ఆడటం కష్టం కాదు. గ్లిజరిన్ అక్కర్లేకుండా ఏడ్చేవాళ్లు మా సమాజంలోనే నలుగురున్నారు, బహుమతులన్నీ వాళ్లకే. ఇక్కడ అసలు చిక్కు వేరు. వేషాలన్నీ రోహింగ్యా పిల్లలే వేస్తే, మరి సైనికుడి వేషం ఎవరు వేసినట్టు? వాళ్లలోనే ఒకడు వెయ్యాలి కదా! వాటర్లూ తమ్ముడూ, నువ్వు ఏడ్చేవాళ్ల గురించి అడుగుతున్నావు. నాకైతే తుపాకీ పట్టినవాడి గురించే బెంగ.

బాలాపూర్_టీచరమ్మ

ప్రసాద్ గారు సరిగ్గా అక్కడే పట్టుకున్నారు. నేను హైదరాబాద్‌లో బాలాపూర్ వైపు రోహింగ్యా బస్తీ పిల్లలకి కొన్నాళ్లు సాయంత్రం క్లాసులు చెప్పాను. ఒకసారి పిల్లలే స్కిట్ వేస్తామన్నారు. ఏం వేస్తారంటే "నదీ దాటడం" అన్నారు. అంటే నాఫ్ నది. బర్మాకీ బంగ్లాదేశ్‌కీ మధ్య ఉన్నది అదే. గుడిసె మీద కప్పే నీలం రంగు టార్పాలిన్ తెచ్చి నేల మీద పరిచి, ఇద్దరు చెరో అంచూ పట్టుకుని ఊపుతుంటే అదే నది. తుపాకీ మోతకి ప్లాస్టిక్ బకెట్ బోర్లించి కొట్టారు. అంతా బాగానే ఉంది గానీ మిలిటరీ వేషానికి ఒక్కడూ రాడు! చివరికి చీటీలు వేశారు. చీటీ ఎవడికొచ్చిందో వాడు బిక్కమొహం వేశాడు. "అరుస్తా గానీ కొట్టను" అని షరతు పెట్టాడు. మిగతావాళ్లు సరే అన్నారు. స్కిట్ అలాగే జరిగింది, సైనికుడు అరుస్తాడు, ఎవర్నీ ముట్టుకోడు. నేను మధ్యలో దూరి "కొట్టినట్టు నటించరా" అని ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

ఇంకో సంగతి. ఆ పిల్లల్లో సగం మంది నదిని కళ్లతో చూడలేదు. కొందరు ఇక్కడే పుట్టారు. అయినా పడవలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో, పసిబిడ్డ ఏడిస్తే నోటికి ఏం అడ్డం పెట్టాలో వాళ్లకి తెలుసు.

మనోళ్ల_సంగతి

హైదరాబాద్‌లో అక్రమంగా ఉంటున్నవాళ్ల మీద జాలి పాఠాలా ఇప్పుడు? మన రైతులు, మన నిరుద్యోగులు అయిపోయారా? దీనికో సినిమా, దానికో చర్చ.

మోడరేటర్

@మనోళ్ల_సంగతి ఆ చర్చకి వేరే థ్రెడ్ ఉంది, లింకు పైన పిన్ చేశాం. ఇక్కడ నాటకం, సినిమా గురించే. మనుషుల్ని తిట్టే పోస్టులు తీసేస్తాం.

మనోళ్ల_సంగతి

తిట్టలేదు, అడిగాను.

బర్మాక్యాంప్_మనవడు

@మనోళ్ల_సంగతి అన్నా, అడిగావు కాబట్టి చెప్తా. మాది విశాఖపట్నం, కంచరపాలెం పక్కన బర్మా క్యాంప్. పేరు చూశావుగా. మా ఉత్తరాంధ్ర ముసలోళ్లకి రంగూన్ అంటే రంగం. "రంగం ఎల్లి సంపాదించాడు" అనేవాళ్లు. అక్కడి రేవులో మూటలు మోసింది ఎక్కువగా మనోళ్లే, శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాలోళ్లు. 1930 మే నెలలో రేవులో మన కూలీలు సమ్మె చేస్తే వాళ్ల బదులు బర్మా కూలీల్ని దింపారు. సమ్మె తేలాక వాళ్లని పొమ్మన్నారు. ఆ గొడవ ముదిరి తెలుగోళ్లని వీధుల్లో వెంటాడి చంపారు. 1942లో జపాన్ బాంబులు పడ్డాక లక్షలమంది అడవుల్లో పడి నడిచొచ్చారు. దారిలో పోయినోళ్లకి లెక్కే లేదు. 1960ల్లో మిలిటరీ పాలకుడు నె విన్ సర్కారు వ్యాపారాలన్నీ జాతీయం చేశాక మళ్లీ ఓడల్లో వచ్చేశారు. అప్పుడొచ్చినోళ్ల పేటే మాది.

మా తాత 42లో నడిచొచ్చినవాడు. చచ్చేదాకా నోరు విప్పలేదు. మేం అడగనూ లేదు. ఇప్పుడు ఎవరైనా మా పేట మీద నాటకం రాద్దామన్నా రాయడానికి ముక్క లేదు, చెప్పేవాడు లేడు. అందుకే ఆ కెనడా పిల్లలు అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి అడిగారంటే నాకు కుళ్లుగా ఉంది.

గోదారి_గట్టు

మా నాయనమ్మ వాళ్ల ఊళ్లో "రంగం మేడ" అని ఒక ఇల్లుండేది. రంగం డబ్బుతో కట్టిందట. అది ఎవరి చెమటో ఇప్పుడు ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. టాపిక్ పక్కకి లాగాను, కానివ్వండి.

నైట్_డ్యూటీ_నర్స్

మొదటి ప్రశ్నకి వస్తా. మానసిక చికిత్స వార్డులో పని చేస్తాను. జరిగిన ఘోరాన్ని మళ్లీ మళ్లీ చెప్పించడం దానంతటదే మందు కాదు. ఒక్కోసారి పుండు కెలికినట్టే అవుతుంది. ఎప్పుడు చెప్పాలి, ఎంత చెప్పాలి, ఎక్కడ ఆపాలి అన్నది చెప్పేవాడి చేతిలో ఉంటే మాత్రం కొంత తేలిక పడతారు. టీచరమ్మ గారి చీటీ పిల్లాడు చేసింది అదే. "అరుస్తా, కొట్టను." వాడి హద్దు వాడు గీసుకున్నాడు.

నాటకం వేయించేవాళ్లు కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. ఎవరి ఇంట్లో జరిగిన కథలో వాళ్ల చేతే ఆ వేషం వేయించకూడదు. ఒకరి కథ ఇంకొకరు ఆడాలి. ఏ రోజైనా "ఇవాళ నా వల్ల కాదు" అంటే కారణం అడక్కూడదు. రిహార్సల్ అవగానే ఇంటికి పంపెయ్యకుండా కాసేపు పిచ్చాపాటీ, టీ, ఏదో ఒక ఆట పెట్టాలి. ఆట అన్నది నవ్వులాట కాదండీ, వేషంలోంచి బయటికి రావడానికి అదే మెట్టు.

పరిషత్తు_ప్రసాద్

మేం మేకప్ తుడుచుకుంటూ పేకాట వేసేది ఇందుకేనన్నమాట. మా ఆవిడకి ఈ పోస్టు చూపిస్తా.

సందేహాల_రావు

నర్సు గారు చెప్పింది బాగుంది. నా ప్రశ్నకి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. ఆడినవాళ్లకి మేలు జరిగిందనే అనుకుందాం. "జెనోసైడ్ మీద అవగాహన" అని పెద్ద మాట వేసుకున్నారు కదా, ఆ అవగాహన వల్ల ఎవరి ప్రాణమైనా నిలిచిందా?

లెక్కల_పంతులు

రావుగారూ, కాస్త ఓపికగా చదవండి.

ముందు జరిగింది ఏమిటో. 1982 పౌరసత్వ చట్టంతో బర్మా వీళ్లని పౌరులే కాకుండా చేసింది. గుర్తింపు పొందిన 135 జాతుల జాబితాలో వీళ్ల పేరే లేదు. అంతకు ముందే 1978లో, మళ్లీ 1991-92లో రెండేసి లక్షలకి పైగా బంగ్లాదేశ్‌కి పారిపోయారు. 2012లో అల్లర్లయ్యాక, వాళ్లుండే రఖైన్ రాష్ట్రానికి రాజధాని సిత్వే దగ్గర లక్షకి పైగా జనాన్ని క్యాంపుల్లో పెట్టి కంచె వేశారు. 2017 ఆగస్టు 25న రోహింగ్యా సాయుధ ముఠా ఒకటి పోలీసు పోస్టుల మీద దాడి చేసింది, ఆ సాకుతో మిలిటరీ ఊళ్ల మీద పడింది. కొన్ని నెలల్లో 7 లక్షలకి పైగా మనుషులు నాఫ్ నది దాటారు. మొదటి నెలలోనే కనీసం 6,700 మందిని చంపారని డాక్టర్స్ వితౌట్ బార్డర్స్ సర్వే చెప్పింది. అందులో ఐదేళ్లు నిండని పిల్లలే 730 మంది.

ఇక మీ ప్రశ్న. గాంబియా అని ఆఫ్రికాలో చిన్న దేశం. దాని న్యాయశాఖ మంత్రి అబూబకర్ తంబడూ 2018లో బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ క్యాంపుకి వెళ్లాడు. బతికి బయటపడ్డవాళ్లు చెబుతుంటే కూర్చుని విన్నాడు. అంతకు ముందు రువాండా ఊచకోత మీద విచారణ జరిపిన ట్రిబ్యునల్‌లో పని చేసినవాడు కాబట్టి తను వింటున్నది ఏమిటో ఆయనకి అర్థమైంది. 2019 నవంబరులో గాంబియా బర్మాని అంతర్జాతీయ న్యాయస్థానానికి ఈడ్చింది. డిసెంబరులో అప్పటి బర్మా నేత ఆంగ్ సాన్ సూకీ స్వయంగా ఆ కోర్టు ఉన్న హేగ్ వెళ్లి మిలిటరీ తరఫున వాదించుకోవాల్సి వచ్చింది. 2020 జనవరి 23న, మిగిలిన రోహింగ్యాలని కాపాడండని కోర్టు ఏకగ్రీవంగా ఆదేశమిచ్చింది. ఇదంతా మొదలైంది క్యాంపులో ఎవరో నోరు విప్పి చెప్పడంతోనే కదా.

సందేహాల_రావు

ఆదేశం ఇచ్చింది సరే. 2024 ఆగస్టులో అదే నాఫ్ ఒడ్డున దాటడానికి నిలబడ్డ జనం మీద డ్రోన్లు వచ్చి పడ్డాయి. పిల్లాపాపలతో సహా చచ్చిపోయారు. ఈసారి మిలిటరీ ఒకవైపు, దానితో పోరాడుతున్న రఖైన్ జాతి సాయుధ దళం అరకాన్ ఆర్మీ ఇంకోవైపు. 2024 మొదలు ఏడాదిన్నరలో ఇంకో లక్షన్నర మంది బంగ్లాదేశ్ చేరారు. ఆదేశం కాగితం మీదే ఉంది. నేను ఆ పిల్లల్ని తప్పుపట్టడం లేదు, పంతులు గారూ. నాటకం మీద మనం మోపే బరువు గురించి అంటున్నా. "మీరు బాగా ఆడితే ప్రపంచం మారుతుంది" అని పిల్లలకి చెప్పడం మోసం.

వాటర్లూ_వాసి

ఇది నాకు నచ్చింది. సినిమా చూస్తున్నంతసేపూ నా మనసులో నలిగింది ఇదే, మాట దొరకలేదు.

లెక్కల_పంతులు

అంత మాట నేనూ అనను. కానీ ఎదురుగా ఎవరున్నారన్నది కూడా చూడాలిగా. ఇన్ దిన్ అనే ఊళ్లో పది మంది రోహింగ్యా మగవాళ్లని కట్టేసి చంపి ఒకే గోతిలో పూడ్చారు. ఆ సంగతి తవ్వి తీసిన ఇద్దరు రాయిటర్స్ విలేకరులు, ఇద్దరూ బర్మా వాళ్లే, 500 రోజులకి పైగా జైల్లో ఉన్నారు. చంపిన సైనికులకి పదేళ్ల శిక్ష వేసి ఏడాది తిరక్కుండానే వదిలేశారు. చంపినవాడికంటే చెప్పినవాడు ఎక్కువ కాలం లోపలున్నాడు! చెప్పడం ఉత్తినే అయితే వాళ్లకి అంత భయం దేనికి?

గోదారి_గట్టు

పంతులు గారు ఈ పోస్టుతో సిక్స్ కొట్టారు.

పరిషత్తు_ప్రసాద్

దీనికి మన దగ్గరే సాక్ష్యం ఉంది. తెలంగాణ రైతాంగ పోరాటం మీద 'మా భూమి' నాటకం రాసి ప్రజా నాట్యమండలి దళాలు కోస్తా ఊళ్లలో ఆడితే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. నాటకంతో ఏమీ కాదనుకుంటే నిషేధం ఎందుకు? అలాగని ఆ నాటకం ఒక్కటే నిజాంని దించేసిందని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. రెండూ నిజమే.

సినిమా_పిచ్చోడు

నాటకం నాటకం అంటున్నారు, సినిమా వైపు కూడా రండి. 2025లో వెనిస్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో 'లాస్ట్ ల్యాండ్' అని ఒకటి వచ్చింది. జపాన్ దర్శకుడు అకియో ఫుజిమోటో. రోహింగ్యా భాషలో తీసిన మొదటి పూర్తి నిడివి కథాచిత్రం ఇదే అంటున్నారు. అక్కాతమ్ముళ్లిద్దరు మలేషియాలో ఉన్న చుట్టాల దగ్గరికి బయల్దేరతారు. నటించినవాళ్లంతా రోహింగ్యాలే, ఎవరూ ప్రొఫెషనల్స్ కాదు. అక్కడి ఒరిజొంటి అనే పోటీ విభాగంలో స్పెషల్ జ్యూరీ ప్రైజ్ కొట్టింది. దర్శకుడు బయటివాడైనా భాష, మొహాలు వాళ్లవే. మన ప్రసాద్ గారి లెక్కలో ఇది ఎక్కడికొస్తుంది?

పరిషత్తు_ప్రసాద్

చూడకుండా తీర్పు చెప్పను. నా గీటురాయి ఒకటే. "ఈ సీను వద్దు" అని నటుడు అంటే ఆ సీను తీసేస్తారా, నటుణ్ణి తీసేస్తారా?

నైట్_డ్యూటీ_నర్స్

ఇది నా వార్డు గోడ మీద రాసి పెట్టుకుంటా ప్రసాద్ గారూ.

కాక్స్‌బజార్_ఫీల్డ్

కొత్త మెంబర్ని. ఒక సహాయ సంస్థ తరఫున కుటుపాలంగ్ క్యాంపులో పని చేసి వచ్చాను, ఊరు కర్నూలు. పైన జరిగినదంతా చదివాను. కెనడాలో నాటకం వేరు, క్యాంపులో నాటకం వేరు. అది చెప్పాలనిపించింది.

క్యాంపులో నాటకాలు మామూలే. మంటలు వస్తే ఏం చెయ్యాలి, దళారీ మలేషియా పంపిస్తానంటే నమ్మొద్దు, చిన్నపిల్లకి పెళ్లి చెయ్యొద్దు, ఇలాంటివి. సంస్థలే వేయిస్తాయి. చదవను రాయను వచ్చినవాళ్లు తక్కువ కాబట్టి కరపత్రం కంటే ఆట బాగా ఎక్కుతుంది. వాళ్ల దగ్గర పాటలూ ఎక్కువే. ఇల్లు పోయింది, నది దాటాం, అమ్మ అక్కడే ఉండిపోయింది అంటూ సాగే తరానాలు. ఒకడు మొదలుపెడితే వెదురు గుడిసెల మధ్య సందులో క్షణంలో జనం మూగుతారు.

కానీ "మమ్మల్ని ఇలా చంపారు" అన్న నాటకం బహిరంగంగా వెయ్యడం తేలిక కాదు. 2019 ఆగస్టు 25న రెండేళ్లయిన సందర్భంగా క్యాంపులో లక్షల మంది మీటింగు పెట్టారు. దాన్ని నడిపినవాడు మొహిబుల్లా. ఇంటింటికీ తిరిగి చనిపోయినవాళ్ల పేర్లు రాయించినవాడు ఆయన. ఆ మీటింగు తర్వాతే క్యాంపుల్లో మొబైల్ ఇంటర్నెట్ కట్ చేశారు, దాదాపు ఏడాది రాలేదు. తర్వాత ముళ్లకంచె వేశారు. 2021 సెప్టెంబరు 29 రాత్రి మొహిబుల్లాని క్యాంపులోనే కాల్చి చంపారు. రోహింగ్యా సాయుధ ముఠా పనే అని అందరూ చెప్పుకున్నారు. అంటే అక్కడ నోరు తెరిస్తే బర్మా మిలిటరీ ఒక్కటే కాదు, పక్క గుడిసెలో ఎవడున్నాడో కూడా చూసుకోవాలి.

కాబట్టి అక్కడి కుర్రాళ్లు ఇంకో దారి పట్టారు. ఫోన్. ఉన్నదే పగిలిన స్క్రీన్, అప్పట్లో అధికారికంగా సిమ్ కొనుక్కునే వీలు కూడా ఉండేది కాదు, అయినా తీసేవాళ్లు. 2021 మార్చిలో బాలుఖాలి క్యాంపు తగలబడి 45,000 మంది రోడ్డున పడ్డప్పుడు ఫోటోలు, వీడియోలు ముందు బయటికి పంపింది వీళ్లే. 'రోహింగ్యాటోగ్రాఫర్' అని సొంత ఫోటో పత్రిక పెట్టారు. 2023లో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ నాన్సెన్ అవార్డుల్లో ఆసియా పసిఫిక్ బహుమతి నలుగురు రోహింగ్యా కుర్రాళ్లకి, అందులో ఒకమ్మాయి, ఇలాంటి పనికే ఇచ్చారు. ఆ ఫోటోల్లో శవాలు తక్కువ. పెళ్లికూతురు, ఫుట్‌బాల్, ముసలాయన గడ్డం గీసుకోవడం, వానలో గొడుగు. మొదట్లో నాకు విసుగేసేది, అసలు విషయం చూపించరేంటని. వాళ్లలో ఒకడితో ఆ మాటే అన్నాను. "చచ్చినప్పుడు మీరే వచ్చి తీస్తారు కదా" అన్నాడు.

గోదారి_గట్టు

అమ్మో.

వాటర్లూ_వాసి

@కాక్స్‌బజార్_ఫీల్డ్ థాంక్స్ అండీ. కుటుపాలంగ్, నయాపారా క్యాంపులు 1991-92 నుంచే ఉన్నవి కదా. ఇక్కడ కిచెనర్ పిల్లల్లో చాలామంది అలాంటి క్యాంపుల్లో పుట్టి పెరిగి, తర్వాత కెనడా వచ్చినవాళ్లే. వాళ్లు ఆడింది అక్కడ ఆడలేని నాటకం అన్నమాట.

మనోళ్ల_సంగతి

సరే, అన్నీ చదివాను. బర్మాక్యాంప్ తమ్ముడి పోస్టు కూడా. అయినా ఒక్క మాట. మీరంతా ఒకవైపే చూస్తున్నారు. సాయుధ ముఠా పోలీసుల్ని చంపలేదా? అక్కడి హిందువుల్ని చంపలేదా? అది కూడా నాటకంలో ఉంటుందా?

లెక్కల_పంతులు

చంపారు. 2017 ఆగస్టులో ఖ మౌంగ్ సెయిక్ దగ్గర హిందూ ఊరివాళ్లని ఆ ముఠా చంపిందని మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ 2018లో రిపోర్టు ఇచ్చింది. అది దాచాల్సిన పని లేదు. ఒక ముఠా చేసినదానికి 7 లక్షల మందిని తరిమికొట్టడం, పసిపిల్లల్ని చంపడం చెల్లుకి చెల్లు అవుతుందా? నాటకంలో ఉండాలా అంటే, ఉంటే మంచిదే. మొహిబుల్లాని చంపారన్న నిందా ఆ ముఠా మీదే అని పైన చదివారు కదా. ఆ పిల్లలకీ వాళ్లు చుట్టాలేం కాదు.

మనోళ్ల_సంగతి

సరే.

సినిమా_పిచ్చోడు

ఇంటర్నెట్‌లో "సరే" అన్న మాట చూసి ఎన్నాళ్లయిందో. స్క్రీన్‌షాట్ తీశా.

సందేహాల_రావు

ఇంటర్నెట్ అంటే గుర్తొచ్చింది. వీళ్ల మీద విషం నింపింది నాటకాలో, సినిమాలో కావు, ఫేస్‌బుక్కు. బర్మాలో చాలామందికి ఇంటర్నెట్ అంటే అదే. సైనికాధికారులే పాప్ స్టార్ల ఫ్యాన్ పేజీల ముసుగులో పోస్టులు పెట్టించారు. అక్కడ తమ వైపు నుంచి జరగాల్సినంత జరగలేదని ఫేస్‌బుక్కే 2018లో ఒప్పుకుంది. ఇప్పుడు 14 మంది పిల్లలు ఒక హాల్లో మూడొందల మందికి నాటకం వేసి ఆ కోట్ల పోస్టులకి ఎదురు నిలవాలి. తూకం చూశారా?

నైట్_డ్యూటీ_నర్స్

రావుగారూ, తూకం మీరు చెప్పినట్టే ఉంది. కానీ హాల్లో మూడొందల మంది కదలకుండా కూర్చుని ఒకే మొహం చూస్తారు. ఫేస్‌బుక్‌లో ఆ మొహం మీద ఎంతసేపు ఆగుతారు?

సందేహాల_రావు

నేనైతే ఆగను. పైన ఎవరో పెట్టిన బిర్యానీ వీడియో దగ్గరే ఆగిపోయాను.

కృష్ణానగర్_కుర్రాడు

ఇదంతా చదువుతుంటే ఒక ఐడియా. మాది హైదరాబాద్‌లో చిన్న నాటక గ్రూపు. ఆగస్టు 25కి ఏదైనా చేద్దామా? తెలుగులోకి స్క్రిప్ట్ నేను రాస్తా. మా వాళ్లే రోహింగ్యాలుగా వేస్తారు. మేకప్, కాస్ట్యూమ్స్ అన్నీ రియలిస్టిక్‌గా.

పరిషత్తు_ప్రసాద్

తమ్ముడూ, నీ ఉత్సాహం చల్లగుండ. ఆటోలో అరగంట దూరంలో రోహింగ్యాలు బతుకుతుంటే, మీ వాళ్ల మొహాలకి రంగు పూసి రోహింగ్యాల్ని చెయ్యడం ఎందుకురా నాయనా!

కృష్ణానగర్_కుర్రాడు

అంటే వాళ్లనే పిలిచి ఆడించమంటారా? అది ఇంకా బెటర్. టీచరమ్మ గారూ, మీరు కనెక్ట్ చెయ్యగలరా?

బాలాపూర్_టీచరమ్మ

ఆగండాగండి. "ఆడించడం" దగ్గరే నాకు భయం. మీరు స్క్రిప్ట్ రాసి తెస్తే వద్దు. వాళ్లేదైనా వేస్తామంటే మీరు హాలు, లైట్లు, చాపలు చూడండి. వాళ్లు కామెడీ వేస్తామన్నా సరే అనాలి. నేను చూసినంతలో పిల్లలకి ఎక్కువ ఇష్టం రేషన్ క్యూలో కొట్లాడుకునే అత్తాకోడళ్ల స్కిట్. ఊచకోత మీద వెయ్యమని మనం అడిగితే, "మీ కన్నీళ్లకే టికెట్టు" అన్నట్టు ఉంటుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఇక్కడ వాళ్ల పరిస్థితి కెనడా లాంటిది కాదు. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. వాళ్ల చేతిలో ఉన్నది ఐక్యరాజ్యసమితి సంస్థ ఇచ్చిన కార్డు, దానికి ఇక్కడి చట్టంలో బలం లేదు. ఎప్పుడు ఎవర్ని పట్టుకెళ్తారో తెలియదు. అలాంటివాళ్ల మొహం, పేరు, ఉండే గల్లీ పోస్టర్ మీద పడితే మనకి లైకులు, వాళ్లకి టెన్షన్. అక్కడ బర్మాలో మిగిలిపోయిన చుట్టాలు కూడా ఉంటారు.

కృష్ణానగర్_కుర్రాడు

వీడియో అయితే మొహం బ్లర్ చెయ్యొచ్చు కదా అక్కా?

బాలాపూర్_టీచరమ్మ

గొంతు? నడక? ఆ గల్లీలో ఎవరైనా గుర్తుపడతారు. వీడియో వద్దు, ఫోటో వద్దు. వచ్చినవాళ్ల ఫోన్లు గుమ్మం దగ్గర బుట్టలో పెట్టించండి.

సినిమా_పిచ్చోడు

హైదరాబాద్ జనం ఫోన్లు బుట్టలో పెడతారా? ఇదే మీ మొదటి ఫాంటసీ నాటకం.

సందేహాల_రావు

వీడియో లేదు, పోస్టర్ లేదు, ఊచకోత కూడా ఉండకపోవచ్చు. మరి ఇది అవగాహన ఎలా అవుతుంది?

బర్మాక్యాంప్_మనవడు

అవకపోతే అవకపోయింది రావుగారూ. ఎవరో నలభై మంది వచ్చి వాళ్ల స్కిట్ చూసి నవ్వి, తర్వాత వాళ్లతో కూర్చుని టీ తాగితే చాలదా? నేను వైజాగ్ నుంచి వస్తా. మా తాత కథ ఎవరైనా అడిగితే చెప్తా, తెలిసినంత.

వాటర్లూ_వాసి

నేను ఇక్కడ ఆ డాక్యుమెంటరీ తీసినవాళ్లకి మెయిల్ పెడతా, తెలుగు సబ్‌టైటిల్స్ వేసుకోవడానికి ఒప్పుకుంటారేమో అడుగుతా. స్కిట్‌తో కలపకుండా విడిగా ఇంకోరోజు చూపించుకోవచ్చు. సబ్‌టైటిల్స్ రాయడానికి ఇద్దరు కావాలి.

లెక్కల_పంతులు

నేనొకణ్ణి. ఊళ్ల పేర్లు మాత్రం సరిగ్గా రాద్దాం, ఇష్టమొచ్చినట్టు కాదు.

కాక్స్‌బజార్_ఫీల్డ్

రోహింగ్యా మాట అర్థం చేసుకునేవాళ్లు కావాలంటే చెప్పండి. చిట్టగాంగ్ వైపు మాట్లాడే భాషకి దగ్గర, నాకు కొంత వచ్చు. డౌటొస్తే బస్తీలో పెద్దవాళ్లని అడుగుదాం, డబ్బులిచ్చి. ఊరికే వద్దు.

కృష్ణానగర్_కుర్రాడు

ఓకే. స్క్రిప్ట్ పక్కన పెట్టేశా. హాలు అద్దె నేను చూస్తా. చాపలు, టీ, ఫోన్ల బుట్ట. ఇంకేం కావాలి టీచరమ్మ గారూ?

బాలాపూర్_టీచరమ్మ

ముందు నన్ను వాళ్లని అడగనివ్వండి. వద్దంటే వద్దు. సరే అంటే ఒక మైకు కావాలి, ఆడపిల్లల గొంతు వెనక వరసకి వినపడదు.

పరిషత్తు_ప్రసాద్

మైకు సెట్టు నాది తెస్తా. స్టాండు ఒకటి విరిగింది, తాడుతో కట్టి పెట్టా, ఏమీ అనుకోవద్దు.